క్షేమం అడిగిన పిక్క

మా కొండల్లోని కారాబులాక్ ఊళ్ళో తుర్దుమామత్‌ని ఎరగనివాళ్ళు లేరు. అయితే వాళ్ళెరిగింది ఆయన కత్తిని. పెళ్ళయినా, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే వేడుకయినా, పోయినవాళ్ళ పేరున పెట్టే భోజనమయినా, గొర్రెను కీలు కీలుగా విడదీయడానికి ఆయనే రావాలి. గొడ్డలి ముట్టడు. ఎముక విరగనివ్వడు. ఎడమ మోకాలు నేలకానించి కూర్చుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో కీలు సందు వెతికి కత్తిమొన అక్కడ ఆనిస్తే చాలు, ఎముకలు వాటంతటవే విడిపోయేవి. ఏ ముక్క ఎవరి పళ్ళెంలోకి వెళ్ళాలో కూడా ఆయనే చెప్పేవాడు. పెద్దవాడికి పోవలసిన తుంటి ఎముక పొరపాటున కుర్రాడి ముందు పడితే మా కొండల్లో రెండు తరాల దాకా మాటలుండవు.

మనిషి మాత్రం ముక్కోపి. ఎవరైనా పలకరిస్తే తలూపేవాడు, అదీ టోపీ కదలకుండా. అలాంటివాడు అరవై దాటాక ఉన్నట్టుండి మారిపోయాడు. ఇంటి నుంచి మసీదుకి వెళ్ళే దారిలో గేటు గేటు దగ్గరా ఆగడం మొదలుపెట్టాడు. ఆగి, గేటు మీద చెయ్యివేసి, తీరిగ్గా అడిగేవాడు. "ఎలా ఉన్నారు? పిల్లలు బాగున్నారా? ఆవు ఈనిందా? మీ అత్తగారి దగ్గు ఎలా ఉంది?" అడిగి వెళ్ళిపోయేవాడు కాదు. జవాబు చివరంటా విని, ఒక్కోసారి రెండోసారి కూడా చెప్పించుకునేవాడు.

ఊరు ఆశ్చర్యపోయింది, తరవాత మురిసిపోయింది. ఒక శుక్రవారం ఇమాం గారు పేరు చెప్పకుండా ఆయన సంగతే ఎత్తారు. "మన మధ్యే ఒక మనిషి ఉన్నాడు. దేవుడు ముసలితనంలో అతని మనసు మెత్తబరిచాడు. ఇరుగుపొరుగు గుమ్మం దాటి పోతూ క్షేమం అడగకుండా ఒక్క అడుగు వెయ్యడు. అతన్ని చూసి నేర్చుకోండి." అందరూ వెనక్కి తిరిగి చూశారు. వెనక వరసలో తుర్దుమామత్ తల దించుకుని ఎడమ పిక్క పిసుక్కుంటున్నాడు. ఎంత వినయమో అనుకున్నారు జనం.

నిజానికి మెత్తబడింది మనసు కాదు, గట్టిపడింది పిక్క. నాలుగు గడపలు నడిచేసరికి ఎవరో పట్టకారు పెట్టి బిగించినట్టు పట్టేసేది. కాసేపు నిలబడితే వదిలేది. మళ్ళీ నాలుగు గడపలు, మళ్ళీ పట్టకారు. నడిరోడ్డు మీద ఊరికే నిలబడితే ఏమైందని పదిమందీ అడుగుతారు. గేటు దగ్గర నిలబడి తానే అడిగితే ఎవరూ అడగరు. ఇది కనిపెట్టినందుకు తుర్దుమామత్ తనను తాను మెచ్చుకున్నాడు కూడా.

వచ్చిన చిక్కల్లా, అడిగాక వినాలి. విన్నాక ఊరుకోవడం కష్టం. దారిలో ఆఖరి గేటు షరీపాది. భర్త పోయి ఒంటరిగా ఉండే పెద్దావిడ. మాట మొదలుపెడితే ఆగేది కాదు. పొయ్యి గొట్టం మసి పట్టి మూసుకుపోయిందనీ, ఇల్లంతా పొగేననీ ఆవిడ సాగదీసి సాగదీసి చెబుతుంటే ఆయన పిక్క వదిలేదాకా విన్నాడు. మర్నాడు నిచ్చెన తెచ్చి గొట్టం దులిపి వెళ్ళాడు. ఇంకో ఇంట్లో పిడకలు నిండుకున్నాయని విని సంచీడు పంపించాడు. నొప్పి ఆయనది, పుణ్యం ఊరిది.

గుట్టు బయటపెట్టింది భార్య బూరుల్. ఒక సాయంత్రం పక్కింటి నుంచి పిండి జల్లెడ తెస్తూ ఆవిడ చూసింది, మొగుడు షరీపా గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం చెమటలు కారుతోంది. గేటుకి తాళం. షరీపా అంతకు ముందురోజే కూతురి ఊరికి వెళ్ళింది.

"బాగున్నావా అక్కా? పొయ్యి బాగా మండుతోందా?" అంటున్నాడు తుర్దుమామత్.

బూరుల్ దగ్గరికొచ్చి నిలబడింది. "ఏమయ్యో, తాళంకప్ప ఏమంటోంది? దాని పిల్లలు కులాసాయేనా?"

"నీకెందుకే, నీ దారిన నువ్వెళ్ళు."

"వెళ్తాలే. నువ్వు కూడా రా. ఏదీ, ఆగకుండా నడువు చూద్దాం."

ఆయన నడవలేదు. ఆ రాత్రి మేజోడు విప్పిస్తే ఎడమ పాదం వాగులో రాయిలా చల్లగా ఉంది. బొటనవేలి కొస నల్లబడి, గోరు పక్కన మానని పుండు.  బూరుల్ గొర్రెతోలు తెచ్చి ఆ పాదానికి చుట్టి, తెల్లారగానే ఓష్ పట్నం వెళ్ళే బండిలో కూర్చోబెట్టింది.

ఆసుపత్రిలో చూసింది బెర్మెత్ అనే డాక్టరమ్మ. ఆయన చిన్న కూతురి వయసుంటుంది. పాదం మీద వేళ్ళు పెట్టి నాడి వెతికింది. చీలమండకి పట్టీ బిగించి వదిలి, మళ్ళీ బిగించింది. తరవాత పక్కన కూర్చుని, నాన్నను పిలిచినట్టు 'అతా' అని పిలిచి మెల్లగా చెప్పింది.

"అతా, మీ ఎడమ తొడలో ధమని మూసుకుపోయింది. కిందికి నెత్తురు సరిగ్గా పోవట్లేదు. అందుకే పిక్క పట్టేస్తోంది, అందుకే వేలు నల్లబడుతోంది. దారి తెరవకపోతే ముందు వేలు పోతుంది, ఆ తరవాత కాలు తీసెయ్యాల్సొస్తుంది. ఇంకా చుట్ట కాలుస్తున్నారా?"

"అప్పుడప్పుడు," అన్నాడు తుర్దుమామత్.

"ఎప్పుడు కాల్చడో అడుగమ్మా," అంది బూరుల్.

ఆయనకి చుట్ట మాట వినపడలేదు. ఎడమ కాలు లేకపోతే ఎడమ మోకాలు ఎక్కడ ఆనించాలి? మోకాలు ఆనించకుండా గొర్రెను ఎలా విడదీయాలి, నమాజులో ఎలా వంగాలి? చావు గురించి ఎప్పుడూ భయపడనివాడికి పెళ్ళింట్లో కుర్చీ వేసి ఒక మూల కూర్చోబెడతారేమోనన్న ఊహకే భయం పట్టుకుంది.

బెర్మెత్ పద్ధతి వివరించింది. కుడి గజ్జలో ధమనిలోకి సూది దించి, అందులోంచి సన్నటి తీగ పంపి, పొట్టలో మలుపు తిప్పి, ఎడమ తొడలోకి దింపుతారు. మూసుకున్న చోట చిన్న బుడగ ఉబ్బించి దారి తెరుస్తారు. సూది ఎక్కడ దించాలో స్కానింగ్ తెర మీద చూసుకుంటూ దించుతారు.

తుర్దుమామత్ కనుబొమలు కలిశాయి. "నొప్పి ఎడమ కాల్లో అయితే పొడిచేది కుడి పక్కనా? మా తలుపు తెరుచుకోకపోతే ఎదురింటి గోడకి కన్నం వేస్తావా తల్లీ?"

"ఎదురింట్లోంచి లోపలికి దారుంది అతా."

"సరే పో. ఆ తెర ఎందుకు? నేను నలభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని కీళ్ళు విప్పుతున్నా. చేతికి తెలియనిది టీవీకి తెలుస్తుందా?"

తెర మాట ఒక సాకు. గజ్జ దగ్గర ఆడపిల్ల చెయ్యి పడుతుందన్నది అసలు గోల. ఆయన పట్టుబట్టి పెద్ద డాక్టరు ఓర్మొన్ చేత చేయించమని అడిగాడు. ఓర్మొన్ తెల్ల మీసాల మనిషి, స్కానింగులు లేని రోజుల నుంచీ వేలితో నాడి పట్టి సూది దించినవాడు. ఇద్దరూ కలుసుకున్న ఘడియ నుంచే సొంత అన్నదమ్ముల్లా అయిపోయారు. ఒకరి వేళ్ళు ఒకరు చూసుకున్నారు. "ఇది వేలంటే," అన్నాడు తుర్దుమామత్. "మీదీ తక్కువేం కాదు," అన్నాడు ఓర్మొన్.

మర్నాడు ఓర్మొన్ గజ్జలో వేలు నొక్కి చాలాసేపు వెతికాడు. నాడి ఉందో లేదో తెలియనంత సన్నగా ఉంది. సూది దించాడు, గట్టిదేదో తగిలింది. పక్కకి జరిపి మళ్ళీ దించాడు. నల్లటి నెత్తురు వచ్చింది, అంటే సిర. ఇంకోసారి దించితే ఎర్రటి నెత్తురు చిమ్మింది గానీ తీగ లోపలికి పోలేదు. ఓర్మొన్ నుదురు తుడుచుకుని సూది పక్కన పెట్టేశాడు.

"ఇవాళ నా వేలు ఓడిపోయింది, తమ్ముడూ," అన్నాడు దాపరికం లేకుండా. తనే గాయం మీద చెయ్యి నొక్కిపెట్టి, నెత్తురు ఆగేదాకా కూర్చున్నాడు. లేచేముందు గట్టిగా చెప్పాడు. "సాయంత్రం దాకా వెల్లకిలా పడుకోవాలి. కాలు వంచకూడదు, తల ఎత్తకూడదు. రాజుగారొచ్చినా లేవకు."

రాజుగారు రాలేదు. వియ్యంకుడు ఎర్గెష్ వచ్చాడు.

పెద్దకూతురి మామగారు ఎర్గెష్. ఉతికి ఆరేసిన తెల్ల టోపీ పెట్టుకుని, ఒక చేతిలో వేడి రొట్టెలు, ఇంకో చేతిలో ఉడికించిన మాంసం మూటతో గుమ్మంలో నిలబడ్డాడు. మా వాళ్ళలో వియ్యంకుడు వస్తే పక్షవాతం వచ్చినవాడు కూడా కనీసం కదలాలని చూస్తాడు. పడుకుని వియ్యంకుణ్ణి పలకరించడమంటే, నీ కొడుక్కి పిల్లనివ్వడం నాకిష్టం లేకపోయిందని ఇన్నేళ్ళకి చెప్పడమే. బూరుల్ వేడినీళ్ళ కోసం బయటికి వెళ్ళింది. తుర్దుమామత్ ఒక్క ఊపున లేచి నిలబడి, రెండు చేతులూ చాచాడు.

"రండి రండి బావగారూ! దారిలో ఇబ్బందేం కాలేదు కదా? ఇంట్లో అందరూ క్షేమమా?"

"దేవుడి దయ. మీరెలా ఉన్నారు? పశువులు బాగున్నాయా?"

"అన్నీ బాగున్నాయి. మా అమ్మాయి ఎలా ఉంది? మనవడికి పళ్ళొచ్చాయా?"

పళ్ళ దగ్గరికి వచ్చేసరికి తొడ మీద ఏదో వెచ్చగా పాకింది. ఎర్గెష్ కిందికి చూశాడు. చేతిలో రొట్టెలు జారిపోయాయి. గజ్జ దగ్గర నీళ్ళు నింపిన తోలుతిత్తిలా ఉబ్బుకొస్తోంది.

కేకలకి బెర్మెత్ పరుగెత్తుకొచ్చింది. ఆయన్ని పడుకోబెట్టి, మంచమెక్కి మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ గాయం మీద పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కింది. చెమట ఆమె ముక్కు కొసనుంచి కారి దుప్పటి మీద పడుతోంది. తుర్దుమామత్ అప్పుడు కూడా తల తిప్పి వియ్యంకుడికి క్షమాపణలు చెబుతున్నాడు. నిలబడి టీ పొయ్యలేకపోయాడట.

బెర్మెత్ తిట్టలేదు. "అతా, మర్యాదంతా గజ్జలోంచి కారిపోతోంది. కాస్త మిగుల్చుకోండి," అంది.

ఆ దెబ్బకి తొడ మోకాలి దాకా నేరేడుపండు రంగు తిరిగింది. వాపు తగ్గేదాకా మళ్ళీ పొడవడానికి లేదని ఇంటికి పంపారు. వాపు తగ్గుతూ వచ్చింది, వేలి నలుపు పెరుగుతూ వచ్చింది. ఇప్పుడాయన సొంత గేటు దాకా కూడా పోలేడు. ఊరే వచ్చి ఆయన్ని క్షేమం అడుగుతోంది. కూతురి ఊరినుంచి తిరిగొచ్చిన షరీపా రోజూ గిన్నెడు పెరుగు తెచ్చి, మంచం పక్కన పెట్టి, ఏమీ అడగకుండా కూర్చుని వెళ్ళేది. వచ్చినవాళ్ళందరికీ తుర్దుమామత్ చెప్పిందొకటే, ఓర్మొన్ వేలు చాలా గొప్పదని. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం దుప్పటి ఎత్తి వేలి వంక చూసుకుని, గబుక్కున కప్పేసేవాడు.

రెండోసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఓర్మొన్ తానే బెర్మెత్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"తమ్ముడూ, ఈసారి ఈ పిల్ల చేస్తుంది. నేను నీ తలవైపు నిలబడతా."

"అన్నా, నీ వేలు..."

"నా వేలు పైతోలు దగ్గరే ఆగిపోతోంది. ఆమె కన్ను లోపలికి పోతుంది. మొండికెయ్యకు, కాలు నాది కాదు, నీది."

తుర్దుమామత్ బూరుల్ వంక చూశాడు. బూరుల్ ఆయన మేజోళ్ళు రెండూ ఒళ్ళో పెట్టుకుని మడతపెడుతోంది, ఒకటి మడతపెట్టి రెండోది మళ్ళీ విప్పుతోంది. ఆవిడకి రెండు మేజోళ్ళూ కావాలన్న సంగతి ఆయనకి అక్కడ తెలిసింది. "కానివ్వండి," అన్నాడు.

గజ్జ మీద చల్లటి జిగురు పూశారు. సిగ్గుతో ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. సగంలో ఓర్మొన్ భుజం తట్టి, తెరను ఆయనవైపు తిప్పాడు. కన్ను తెరిస్తే బూడిదరంగు పొగలో రెండు నల్లటి గుండ్రాలు కనపడ్డాయి.

"ఇప్పుడు కాస్త నొక్కుతా, చూడండి," అంది బెర్మెత్. ఒక గుండ్రం అప్పడంలా అణిగిపోయింది. రెండోది అణగలేదు, సన్నగా ఎగిరెగిరి పడుతోంది.

"అణిగేది సిర, ఎగిరేది ధమని," అన్నాడు తుర్దుమామత్ ఉండబట్టలేక. "గొర్రెలోనూ అంతే. ధమని గోడ మందం."

"అవునతా. మరి దాని పైన ఈ తెల్లటి గీత చూశారా? కింద నీడ పడుతోంది."

"ఏంటది?"

"మీ కెటిల్ లోపల సున్నం పేరుకోదూ, అది. పోయినసారి సూది తగిలింది దీనికే. పైగా ఇక్కడే ధమని రెండు కొమ్మలుగా చీలుతోంది. మామూలుగా ఇంకా కిందికి చీలుతుంది, మీకు పైనే చీలింది."

తుర్దుమామత్ చాలాసేపు తెర వంక చూశాడు. ఇన్నేళ్ళలో విడదీసిన గొర్రెలన్నీ ఒక్కలాగే ఉండేవి. తను మాత్రం అందరిలా లేడు. ఇది గర్వపడాల్సిన సంగతో కాదో ఆయనకి తేలలేదు.

బెర్మెత్ పరికరాన్ని వేలెడు పైకి జరిపింది. తెల్ల గీత లేని చోట దొరికింది. మొద్దుబారడానికి మందు పొడిచి, సూది పట్టుకుంది.

"ఇంకాస్త ఎడమకి తల్లీ," అన్నాడు తుర్దుమామత్. "ఆఁ, అక్కడ. కాదు కాదు, ఏటవాలుగా పెట్టు..."

బెర్మెత్ చెయ్యి ఆపింది. "అతా, మీరు కోస్తున్నప్పుడు గొర్రె మధ్యలో సలహాలిస్తే మీకెలా ఉంటుంది?"

ఓర్మొన్ మీసాల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. గొర్రె నోరు మూసుకుంది.

తెర మీద సన్నటి మెరుపు ఒకటి దిగింది. గుండ్రం పైగోడ కొద్దిగా లోపలికి నొక్కుకుని, ఠక్కున మామూలైంది. సూది చివర ఎర్రటి నెత్తురు. ఒకే ఒక్క పోటు. "వచ్చేశాం," అంది బెర్మెత్, ఎవరి గుమ్మంలోనో చెప్పులు విప్పుతున్నంత నెమ్మదిగా. తరవాత తీగ పొట్టలో మలుపు తిరిగింది, బుడగ ఉబ్బింది, తొడ లోపల ఒక లాగుడు, ఒక మంట. ఆపైన ఎడమ పాదంలోకి గోరువెచ్చగా ఏదో పోసినట్టయింది. రెండేళ్ళ కిందట ఊరొదిలి పోయిన మనిషి ఇంటికొచ్చినట్టుంది. ఆయన దేవుడి పేరు తలచుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేపకూడదన్నారు. ఓర్మొన్ తుడిచాడు.

మళ్ళీ అదే ఆజ్ఞ. వెల్లకిలా, కదలకుండా, సాయంత్రం దాకా. ఈసారి బూరుల్ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. ఎవరొచ్చినా పంపించేస్తోంది. అయితే మధ్యాహ్నానికి నడవాలో తెల్ల టోపీ కనపడేసరికి ఆవిడ పీట మీంచి సగం లేచి ఆగిపోయింది. లోపల మొగుడు అప్పుడే మోచేయి ఆనించి లేవబోతున్నాడు. వియ్యంకుణ్ణి రమ్మంటే కాలు పోతుంది, పొమ్మంటే కూతురి కాపురానికి మాటొస్తుంది.

ఎర్గెష్ గుమ్మంలోంచే చెయ్యెత్తాడు. "ఆగండి బావగారూ! లేవకండి! ఒక్క క్షణం!"

గబగబా బూట్లు విప్పాడు. టోపీ తీశాడు. పక్కన ఖాళీ మంచం ఒకటుంది. దాని మీదికెక్కి, వెల్లకిలా పడుకుని, టోపీ బొడ్డుమీద పెట్టుకుని, పైకప్పు వంక చూస్తూ అన్నాడు. "సలామ్ బావగారూ. ఇద్దరం పడుకునే ఉన్నాం. ఇక ఎవరికోసం ఎవరు లేవాలి?"

 తుర్దుమామత్ మోచేయి మెల్లగా దించాడు. "ఇంట్లో అందరూ క్షేమమా బావగారూ?" అన్నాడు పైకప్పుతోనే.

"దేవుడి దయ. మనవడికి నాలుగో పన్నొచ్చింది."

సాయంత్రం దాకా వాళ్ళు అలాగే మాట్లాడుకున్నారు. సమానంగా చూడాలి కాబట్టి బూరుల్ టీ ఇద్దరికీ చెంచాతోనే పోసింది. తనకేం గాయం లేదని గుర్తుచేస్తే బాగుండదని ఎర్గెష్ బుద్ధిగా నోరు తెరిచాడు. బెర్మెత్ కట్టు చూడ్డానికి వచ్చి, ఇద్దరిలో రోగి ఎవరని అడిగి, జవాబు రాకముందే నవ్వుకుంటూ పోయింది.

పుండు నెమ్మదిగా మానింది. నల్లబడ్డ కొస ఊడి కొత్త చర్మం వచ్చింది. చుట్ట బూరుల్ దాచింది, ఎక్కడ దాచిందో ఆవిడకీ దేవుడికీ తెలుసు. తుర్దుమామత్ మొట్టమొదటి శుక్రవారం ఇంటి నుంచి మసీదు దాకా ఏకబిగిన నడిచాడు. ఒక్క గేటు దగ్గరా ఆగలేదు. పిక్క కిమ్మనలేదు. ఆ సంతోషంలో చుట్టూ ఎవరున్నారో కూడా చూడలేదు.

ఊరు చూసింది. "ఆపరేషనయ్యాక ఎంత పొగరో!" అంది ఒక గేటు. "పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చాడు కదా, మనమేం కంటికి ఆనతాం," అంది ఇంకో గేటు. తరవాతి శుక్రవారమే ఇమాం గారు మళ్ళీ పేరు చెప్పకుండా ప్రసంగించారు. కష్టంలో తోటివారిని తలచి, దేవుడు స్వస్థత ఇవ్వగానే మరిచిపోయేవారి గురించి. అందరూ వెనక్కి తిరిగి చూశారు. వెనక వరసలో తుర్దుమామత్, ఈసారి పిసుక్కోడానికి పిక్క నొప్పి కూడా లేక, టోపీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు షరీపా గేటు దాటుతుంటే లోపల్నుంచి గొంతు వినపడింది.

"తమ్ముడూ! ఆ డాక్టరమ్మ కాల్లో దారి తెరిచి, నోట్లో దారి మూసేసిందా?"

తుర్దుమామత్ ఆగాడు. నొప్పి లేకుండా ఆగడం కొత్తగా ఉంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలవాటుగా గేటు మీద వేశాడు.

"అక్కా, నీ దగ్గర దాచేదేముంది. అప్పట్లో క్షేమం అడిగింది నేను కాదు, నా పిక్క."

"నాకు తెలీదేంటి?"

"తెలుసా?"

"మా ఆయన చివరి రెండేళ్ళూ గుండెనొప్పితో గోడ పట్టుకునే నడిచాడు. నొప్పి ముఖం నేను ఎరగనా? నువ్వు మొదటిరోజు ఈ గేటు పట్టుకున్నప్పుడే పోల్చుకున్నా." షరీపా గేటు తీసింది. "అడిగితే ఒప్పుకుంటావా, నీకసలే ముక్కు మీద కోపం. అందుకని జవాబు సాగదీసేదాన్ని. నీ ముఖంలో రంగు వచ్చేదాకా పొయ్యి గొట్టం, రంగు వచ్చాక సలాం. ఆ గొట్టంలో నిజానికి అంత పొగేం లేదు."

"నేను నిచ్చెనెక్కి దులిపానే!"

"దులిపావు. పాపం అనుకున్నా."

తుర్దుమామత్ గేటు వంకా, ఆవిడ వంకా చూశాడు. మసీదు నుంచి పిలుపు వినపడుతోంది. నడిస్తే ఆగకుండా, ఊపిరి తీసుకునేలోగా చేరుకోగలడు.

"ఇప్పుడెలా ఉంది మరి, గొట్టం?" అన్నాడు.

షరీపా కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇప్పుడు నిజంగానే మూసుకుపోయింది. చెప్పాలంటే చాలా కథ ఉంది."

"చెప్పు," అన్నాడు తుర్దుమామత్.

ఆ రోజు ఆయన మసీదుకి అందరికంటే ఆఖరున, చేతులు మోచేతుల దాకా మసితో వచ్చాడు. నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసే కుళాయి దగ్గర ఇమాం గారు అది చూసి, ఏమీ అనకుండా సబ్బు అందించారు.